లిఫ్టు తెరుచుకోగానే మీదపడే చిన్న కుక్క

బెంగళూరులో మారతహళ్లి, మున్నేకొలాల, కుందలహళ్లి వైపు తెలుగు మాట వినబడని అపార్ట్‌మెంటు ఉండదు. అలాంటి ఒక అపార్ట్‌మెంటులో పొద్దున ఏడింటికి నాలుగో అంతస్తు లిఫ్టు దగ్గర నిలబడి చూస్తే విషయం సగం అర్థమైపోతుంది. ఆరు కిలోల షిట్జూ జాతి చిన్న కుక్క, దాని పట్టీ పట్టుకుని ఒకావిడ. లిఫ్టు పైనుంచి దిగుతోంది. తలుపు తెరుచుకోకముందే షిట్జూ ముక్కు గాలిలోకి లేస్తుంది. అంతదాకా నాలుక బయటపెట్టి రొప్పుతున్న నోరు టక్కున మూసుకుంటుంది. ముందుకాలు ఒకటి నేలకు ఆనీ ఆనకుండా ఆగిపోతుంది. తలుపు తెరుచుకుంటుంది, లోపల లాబ్రడార్. ఆవిడ చేతిలో పట్టీ బిగుస్తుంది. మరుక్షణం షిట్జూ వెనక కాళ్ల మీద లేచి గొంతు చించుకుంటుంది. “సారీ అండీ, వీడికి మిగతా కుక్కలంటే పడదు” అంటూ ఆవిడ దాన్ని ఎత్తుకుంటుంది. లోపలున్నాయన పర్వాలేదన్నట్టు నవ్వి బటన్ నొక్కుతాడు. లిఫ్టు కిందికి వెళ్లిపోతుంది.

అందరి దృష్టీ ఆ మొరుగుడు మీదే పడుతుంది. అసలు సంగతి దానికి ముందు రెండు సెకన్లలోనూ, తర్వాత జరిగినదానిలోనూ ఉంది. మొరగకముందే ఆ కుక్క నోరు మూసింది, ఒళ్లు బిగించింది, కాలెత్తి ఆగింది. ఇక్కడ నాకు ఇబ్బందిగా ఉందని తన భాషలో చెప్పింది. ఎవరూ వినలేదు. అప్పుడు మొరిగింది, లాబ్రడార్ మాయమైంది. లిఫ్టు ఎలాగూ వెళ్లిపోయేదేనని దానికేం తెలుసు? తను మొరిగితేనే ఎదుటి కుక్క పోయిందని లెక్కేసుకుంటుంది. రోజుకు రెండు నడకలు, ఒక్కో నడకలో రెండు మూడు కుక్కలు ఎదురుపడటం అనుకుంటే నెలకు దాదాపు 150 సార్లు ఇదే పాఠం. ఇలా ఆరు నెలలు గడిస్తే ఏ కుక్కయినా అందులో ఆరితేరిపోతుంది.

చిన్న కుక్క మిగతా కుక్కల మీదికి ఎగబడటం చాలాసార్లు దూరం కోసం చేసే పెనుగులాట. దానికి కావలసింది కాస్త ఎడం. నగరం ఆ ఎడం ఇవ్వదు, పట్టీ ఇవ్వనివ్వదు, లిఫ్టులో అసలే లేదు. ఎక్కడా దొరకని దూరాన్ని అది గొంతుతో సంపాదించుకుంటుంది. ఇలా చూస్తే, నేర్పాల్సింది నోరు మూసుకోవడం కాదని తెలుస్తుంది. ఎదుటి కుక్క కనబడగానే ఆ చిన్న ప్రాణానికి కలిగే భావం మారాలి. భావం మారితే మొరుగుడు దానంతటదే తగ్గుతుంది.

“వీడికి పొగరు”, “ఇంట్లో తనే బాస్ అనుకుంటున్నాడు” అని కుక్కల్ని పెంచేవాళ్లు తరచూ అంటుంటారు. ఈ బాస్ సిద్ధాంతానికి మూలం 1947లో స్విస్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ షెంకెల్ రాసిన పరిశీలన. ఆయన చూసినవి బోనులో పెట్టిన తోడేళ్లు. అమెరికా జీవశాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో ఆ భావనకు బాగా ప్రచారం కల్పించారు, 1999లో తనే దాన్ని సవరించారు. అడవిలో తోడేళ్ల గుంపంటే అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న కుటుంబమని, అధికారం కోసం నిత్యం కొట్టుకునే ముఠా కాదని చెప్పారు. తోడేళ్ల విషయంలోనే నిలవని సిద్ధాంతాన్ని సోఫా కింద దూరే షిట్జూకి అంటగట్టి, దాన్ని వెల్లకిలా పడేసి అదిమిపట్టడం అన్యాయం. భయపడుతున్న ప్రాణిని ఇంకా భయపెడితే అది మెత్తబడదు. ముందుగా చేసే హెచ్చరికలు మానేసి, ఓ రోజు నేరుగా కరుస్తుంది. “మొరిగే కుక్క కరవదు” అన్న సామెతను కుక్కల దగ్గర మాత్రం నమ్మకూడదు.

మరి చిన్న జాతుల్లోనే ఈ గొడవ ఎందుకు ఎక్కువగా కనబడుతుంది? కొంత పుట్టుకతో వచ్చేదే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో వేలాది కుక్కల యజమానుల జవాబులు పోల్చి చూస్తే చివావా, డాక్స్‌హుండ్, జాక్ రస్సెల్ లాంటి చిన్న జాతులు దూకుడులో ముందు వరసలో నిలిచాయి. అయితే పెంపకం పాత్ర తక్కువేమీ కాదు. 2010లో వియన్నా పరిశోధకులు చిన్న కుక్కల్ని, పెద్ద కుక్కల్ని పెంచే తీరును పోల్చారు. చిన్న కుక్కల యజమానులు ఒకరోజు ఒకలా, మరోరోజు ఇంకోలా ఉంటారని, శిక్షణకూ ఆటకూ తక్కువ సమయం ఇస్తారని తేలింది. శిక్షలు ఎక్కువైన ఇళ్లలో దూకుడూ ఎక్కువగా ఉంది, ఆ ముడి చిన్న కుక్కల్లో మరింత గట్టిగా కనబడింది. లాబ్రడార్ గుర్రుమంటే ఆ సాయంత్రమే ట్రైనర్ కోసం వెతుకుతారు. నాలుగు కిలోల పామరేనియన్ గుర్రుమంటే ముద్దొస్తోందని వీడియో తీస్తారు. పిట్ట కొంచెం కూత ఘనం అని నవ్వుకుంటారు. దాని మాటను ఎవరూ పట్టించుకోరు గనుక అది గొంతు పెంచుతూ పోతుంది.

దాని ఎత్తు నుంచి ఓసారి చూడాలి. నేలకు పది పన్నెండు అంగుళాల పైన కళ్లు. ఎదురుగా తనకంటే ఐదారు రెట్ల బరువున్న జంతువు నేరుగా ముఖంలోకి చూస్తూ వస్తోంది. మర్యాద తెలిసిన కుక్కలు ఒకదాన్నొకటి కలిసేటప్పుడు ఎదురుగా రావు, పక్కనుంచి అర్ధచంద్రంలా తిరిగి వచ్చి, వెనకభాగం వాసన చూసుకుని, పోతాయి. పట్టీ కట్టిన కుక్కకు ఆ వంపు తిరిగే వీలు లేదు. వెనక్కి పోదామన్నా పట్టీ ఆపుతుంది. పారిపోయే దారి మూసేసిన చోట ఏ జంతువైనా ఎదురుతిరుగుతుంది.

బాల్యం సంగతీ చూడాలి. కుక్కపిల్ల మెదడు లోకాన్ని భయం లేకుండా ఒప్పుకునే కాలం సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఉంటుందని స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్లతరబడి పనిచేసి 1965లో వివరించారు. ఆ కాలంలో మొదటి సగం తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య గడవాలి. కరిస్తే ఎంత నొప్పో, ఎక్కడ ఆపాలో అక్కడే నేర్చుకుంటుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 కేంద్ర నిబంధనలు చెబుతున్నది అందుకే. అయినా నలభై రోజుల పిల్లను తెచ్చుకోవడం మామూలు విషయంలా సాగిపోతోంది. మిగతా సగం ఫ్లాట్‌లో గడిచిపోతుంది. పార్వో అనే వైరస్ జబ్బు భయంతో టీకాలన్నీ పూర్తయ్యేదాకా, అంటే దాదాపు పదహారు వారాల వయసు దాకా, పిల్లను గడప దాటనివ్వరు. పార్వో భయం అబద్ధం కాదు, అది ప్రాణం తీసే జబ్బు. కానీ నేలమీద దింపకూడదంటే బయటికే తీసుకెళ్లకూడదని కాదు. సంచిలో పెట్టుకుని, ఒళ్లో కూర్చోబెట్టుకుని రోడ్డు చూపించొచ్చు. టీకాలు పూర్తయిన నెమ్మదైన పెద్ద కుక్క ఉన్న ఇంటికి తీసుకెళ్లొచ్చు. మొదటి విడత టీకా వేసి వారం గడిచాక శుభ్రమైన చోట పిల్లల శిక్షణ మొదలుపెట్టవచ్చని అమెరికాలోని పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం 2008లోనే సలహా ఇచ్చింది. పన్నెండు వారాల దాకా మరో కుక్కనే చూడని పిల్లకు ఐదో నెలలో మొదటిసారి రోడ్డు మీద నాలుగు కుక్కలు ఎదురైతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఆ కాలం దాటిపోయిన కుక్కల సంగతేమిటని దిగులు పడక్కర్లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న మాట ఇక్కడ పూర్తిగా చెల్లదు. ఆరేళ్ల కుక్క కూడా మారుతుంది, సమయం ఎక్కువ పడుతుందంతే.

శిక్షణ మొదలుపెట్టేముందు ఒకసారి పశువైద్యుడికి చూపించాలి. ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకు జారే ఇబ్బంది చాలా సాధారణం. నడుస్తూ నడుస్తూ రెండు అడుగులు మూడు కాళ్ల మీద గెంతి, మళ్లీ మామూలుగా నడిచే పామరేనియన్‌ను చూసి హుషారనుకుంటారు. అది నొప్పి కావచ్చు. పళ్ల జబ్బు, చెవిలో చీము కూడా అంతే. ఒంట్లో నొప్పి ఉన్న కుక్క తన దగ్గరికి ఎవర్నీ రానివ్వదు. మనుషులమూ అంతే కదా. హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రికైనా, వీధి చివర క్లినిక్‌కైనా వెళ్లి మోకాళ్లు, పళ్లు, చెవులు చూడమని అడగాలి. ఉన్నట్టుండి ఈమధ్యే మొదలైన దూకుడైతే ఇది మరీ ముఖ్యం. అలాగే మెడపట్టీ తీసేసి ఛాతీకి తొడిగే హార్నెస్ కొనాలి. చిన్న జాతుల శ్వాసనాళం సున్నితం, మెడ దగ్గర పట్టీ గుంజితే దానికి దెబ్బ. పైగా మెడ బిగుసుకున్న ప్రతిసారీ కుక్క ఎదురుగా ఉన్నదాన్నే ఆ బాధకు కారణం అనుకుంటుంది. సాగి సాగి పదిహేను అడుగులు పోయే పట్టీ ఈ పనికి పనికిరాదు. ఆరడుగుల మామూలు పట్టీ చాలు.

ఇక అసలు పని. దీనికి కావలసిన సామాను ఉడికించిన కోడిమాంసం, అంతే. ఉప్పు, కారం, ఉల్లి తగలకూడదు. ఉల్లి కుక్కలకు విషం. ఇంట్లో మాంసం వండనివాళ్లు పనీర్ వాడుకోవచ్చు. ముక్క శనగబద్దంత ఉండాలి. ఆరు కిలోల కుక్క పొట్ట ఎంత, పది ముక్కలకే నిండిపోతే పాఠం ఆగిపోతుంది. ఈ ముక్కల మేరకు రోజు తిండిలో తగ్గించాలి. ఒక నియమం మాత్రం కచ్చితం: ఈ మాంసం మరెప్పుడూ పెట్టకూడదు. వేరే కుక్క కనబడినప్పుడే.

మొదట దూరం కనుక్కోవాలి. విశాలమైన చోటు, ఖాళీ సైట్ల పక్క రోడ్డో, సెలవురోజు నిర్మానుష్యంగా ఉండే ఆఫీసుల వీధో ఎంచుకోవాలి. దూరంగా ఒక కుక్క కనబడుతుంది. మన కుక్క దాన్ని చూసింది, చెవులు నిలబడ్డాయి, కానీ పేరు పిలిస్తే ఇటు తిరిగింది, పెట్టిన ముక్క తింది. అదే సరైన దూరం. కొన్నిటికి ఇరవై అడుగులు చాలు, కొన్నిటికి వంద కావాలి. ముక్క పెట్టినా ముఖం తిప్పుకుందంటే, లేదా వేళ్లు కొరికినంత గట్టిగా లాక్కుందంటే దగ్గరికి వచ్చేశామని అర్థం. వెంటనే వెనక్కి నడవాలి. ఆదివారం కబ్బన్ పార్కులో కుక్కలన్నీ చేరే చోటికి తీసుకెళ్లి “అలవాటవుతుందిలే” అని వదలడం, ఈత రానివాణ్ణి అలవాటు కోసం చెరువులో తోసేయడం లాంటిదే.

దూరం కుదిరాక వరస ముఖ్యం. కుక్క కనబడాలి, ఆ తర్వాతే ముక్క. కనబడినంతసేపూ ఒకటి తర్వాత ఒకటి ముక్కలు. ఆ కుక్క మలుపు తిరిగి కనుమరుగైతే చెయ్యి జేబులోకి, విందు బంద్. ముందు ముక్క చూపించి దృష్టి మళ్లించడం వేరే పని, అది ఆపద్ధర్మానికి పనికొస్తుంది గానీ పాఠం కాదు. వరస తలకిందులైతే ఇంకో ప్రమాదం: మాంసం వాసన రాగానే “ఎక్కడో కుక్క ఉంది” అని కుక్క బిగుసుకోవడం మొదలుపెడుతుంది. గంట మోగితే తిండి వస్తుందని రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కలకు తెలిసినట్టే, కుక్క కనబడితే కోడిమాంసం వస్తుందని దీనికి తెలియాలి. ఇందులో “సిట్” అనడం, కూర్చోకపోతే పెట్టకపోవడం వద్దు. ఏమీ చేయకపోయినా ముక్క దక్కాలి.

ఒక రోజు వస్తుంది. రెండు వారాలకో ఐదు వారాలకో, కుక్కను బట్టి. రోడ్డుకు అవతల ఓ బీగిల్ వెళుతుంటుంది. షిట్జూ చూస్తుంది. చెవులు ముందుకు వస్తాయి. పట్టీ పట్టుకున్న మనిషి ఊపిరి బిగబడుతుంది. అప్పుడు షిట్జూ మెడ తిప్పి, నోరు కాస్త తెరిచి, పైకి చూస్తుంది. “అదిగో వచ్చింది, ఏదీ నా ముక్క?” అన్నట్టు. ఇంతకాలం చేసిన పనికి ఫలం ఆ మెడ తిప్పడమే. ఆ క్షణంలో “శభాష్” అని ఒక్క మాట అని, వరుసగా మూడు నాలుగు ముక్కలు పెట్టాలి. ఆ చూపు పదిసార్లలో ఎనిమిదిసార్లు వస్తుంటే రెండడుగులు దగ్గరికి జరగొచ్చు. రెండే. తొందరపడి ఇరవై అడుగులు జరిగితే మళ్లీ మొదటికి వస్తుంది.

దీనికి తోడుగా ఇంట్లోనే, ఏ కుక్కా లేని హాల్లో, “పద పద” అనగానే గిరుక్కున వెనుదిరిగి మనతో నడిచే ఆట నేర్పాలి. హుషారైన గొంతుతో రోజూ పదిసార్లు. వీధిలో మలుపు తిరగగానే ముఖాముఖి కుక్క తగిలితే ప్రాణం కాపాడేది ఈ ఆటే. పట్టీ గుంజి లాక్కుపోవడానికీ, ఆటలా వెనుదిరగడానికీ కుక్క మనసులో చాలా తేడా ఉంది. తర్వాత తర్వాత, నెమ్మదైన కుక్క ఉన్న స్నేహితులు దొరికితే రెండు కుక్కలనూ రోడ్డుకు చెరోపక్క ఒకే దిశలో నడిపించాలి. ఎదురెదురుగా రాకుండా పక్కపక్కన సాగితే వాటికి తేలిక. నాలుగైదు రోజుల్లో ఆ ఎడం తగ్గుతూ వస్తుంది. అవి ఆడుకోవాలన్న ఆశ పెట్టుకోనక్కర్లేదు. పక్కనుంచి గొడవ లేకుండా పోతే చాలు, చాలా కుక్కలకు అంతకంటే స్నేహం అవసరం లేదు.

బెంగళూరులో దీన్ని కష్టం చేసేవి వీధికుక్కలు. 2023లో నగరపాలిక చేసిన లెక్కలో సుమారు 2.79 లక్షలు తేలాయి. ఫస్ట్ క్రాస్ వీధి గుంపు వేరు, సెకండ్ క్రాస్ వీధి గుంపు వేరు. సరిహద్దు ఏ కరెంటు స్తంభం దగ్గరుందో వాటికి బాగా తెలుసు. పట్టీ కట్టిన చిన్న కుక్క పావుగంట నడకలో రెండు మూడు రాజ్యాలు దాటిపోతుంది. వీధికుక్కల్ని శిక్షణకు వాడుకోకూడదు, అవి మన దూరాన్ని గౌరవించి ఆగవు. ఎవరో అన్నం పెట్టే వేళలు, కూన్లున్న తల్లి ఉన్న చోట్లు గుర్తుపెట్టుకుని దారి మార్చుకోవడం మేలు. ఒకటి దగ్గరికి వస్తుంటే పరుగెత్తకూడదు, పరుగు దాన్ని వెంటపడేలా చేస్తుంది. గుప్పెడు బిస్కెట్లు దాని వెనక్కి పడేలా విసిరి, పక్కకు ఒంపు తిరిగి నడిచిపోతే చాలాసార్లు గండం గడుస్తుంది. రాళ్లు విసిరితే రేపు ఆ దారిలో అదే మనిషిని చూడగానే గుంపంతా లేస్తుంది.

ఎత్తుకోవాలా వద్దా అన్నది అందరికీ వచ్చే సందేహం. నిజమైన ప్రమాదంలో తప్పకుండా ఎత్తుకోవాలి, ఐదు కిలోల కుక్కను ఒక్క కాటు చంపేయగలదు. ఇబ్బందల్లా కుక్క కనబడిన ప్రతిసారీ గాభరాగా లాగి ఎత్తడంతోనే. మన గుండె దడ దాని పక్కటెముకలకు తగులుతూనే ఉంటుంది, కింద ఉన్న కుక్కేమో కుతూహలంతో ఎగురుతుంది. అందుకని ఇంట్లోనే “రా ఎక్కు” అని నెమ్మదిగా చెప్పి, ఛాతీ కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తి, వేరే తిండి కాస్త పెట్టి దించడం అలవాటు చేస్తే వీధిలో అదే పని గాభరా లేకుండా జరుగుతుంది. ఒకవేళ కాటు పడితే, మనిషికైనా కుక్కకైనా, గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రేబిస్ విషయంలో “చిన్న గీతే కదా” అనుకోవడానికి వీల్లేదు.

శిక్షణ చెడేది ఎక్కువగా ఇంటిలోపలే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు, మూడు నెలలకోసారి కడప నుంచో గుంటూరు నుంచో వచ్చి ఉండే అమ్మమ్మ, సాయంత్రం నడిపించడానికి వచ్చే కుర్రాడు. ఆయన “నో” అంటాడు, ఆవిడ “వద్దురా కన్నా” అంటుంది, అమ్మమ్మ “ఛీ పో” అంటుంది, కుర్రాడు కన్నడంలో “బేడ” అంటాడు. నాలుగు మాటలకూ అర్థం ఒకటేనని కుక్క ఎలా పోల్చుకుంటుంది? ఇంట్లో అందరూ వాడాల్సిన మాటలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాలి. వాకింగ్ కుర్రాడు నాలుగైదు కుక్కల్ని గుత్తిగా పట్టుకుని తిప్పుతుంటే ఈ శిక్షణ సాగినన్నాళ్లైనా మాన్పించాలి. పొద్దుటంతా ఓపిగ్గా కట్టిన గోడను సాయంత్రం పావుగంటలో అతను పడగొడుతున్నాడు, అతనికి తెలియకుండానే. బాల్కనీ గ్రిల్‌లోంచి రోజంతా కింద వెళ్లే కుక్కల మీద మొరిగే అవకాశం ఉంటే అదీ మూసేయాలి. గ్రిల్‌కు కింద రెండడుగుల అట్ట కట్టినా సరిపోతుంది.

దీపావళి వారంలో, ఇంటికి పెయింటింగ్ వేయిస్తున్నప్పుడు, బంధువులు దిగినప్పుడు పాఠం ఆపేయాలి. ఒకదాని మీద ఒకటి పేరుకున్న బెదురు వల్ల నిన్న యాభై అడుగుల్లో మామూలుగా ఉన్న కుక్క ఇవాళ వంద అడుగుల్లో ఎగబడుతుంది. అది మొండితనం కాదు, ఒళ్లు ఇంకా సర్దుకోలేదు. రెండు మూడు రోజులు వాసనలు చూస్తూ తీరిగ్గా తిరిగే నడకలే ఇవ్వాలి.

ట్రైనర్‌ను పెట్టుకునేవాళ్లు మొదటి రోజే ఒక ప్రశ్న అడగాలి: “మా కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు?” మెడ బిగించే చోక్ చైన్, కరెంటు తగిలించే షాక్ కాలర్, మెడ పట్టుకుని పైకి లేపడం అన్న జవాబు వస్తే అక్కడితో ఆపేయడం మంచిది. వారంలో బాగుచేస్తానని హామీ ఇచ్చేవాళ్ల సంగతీ అంతే. వారంలో నోరు మూయించవచ్చు, భయం మాత్రం అలాగే ఉంటుంది. ఇప్పటికే రక్తం వచ్చేలా కరిచిన కుక్కైతే, గాలి ఆడే బుట్టలాంటి మూతిచిక్కం ఇంట్లో వేరే తిండి పెడుతూ మెల్లగా అలవాటు చేసి, ప్రవర్తన తెలిసిన పశువైద్యుడి సాయంతోనే ముందుకెళ్లాలి. మూతిచిక్కం తొడగడం సిగ్గుపడాల్సిన పని కానే కాదు.

మళ్లీ ఆ నాలుగో అంతస్తు. ఇప్పుడు ఆవిడ లిఫ్టు తలుపుకు ఎదురుగా నిలబడదు. బటన్ నొక్కి, ఆరేడు అడుగులు వెనక్కి, మెట్ల మలుపు దగ్గర నిలబడుతుంది. పట్టీ సడలి నేల మీద చిన్న వంపులా వేలాడుతోంది. తలుపు తెరుచుకుంటుంది. లాబ్రడార్. “మీరు వెళ్లండి, మేం తర్వాతదానికి వస్తాం” అంటుంది ఆవిడ. షిట్జూ లాబ్రడార్‌ను చూస్తుంది, గొంతులో ఓ చిన్న గుర్రు మొదలై సగంలో ఆగుతుంది, తల పైకి తిరుగుతుంది. ఆవిడ చెయ్యి అప్పటికే జేబులో ఉంది.